రెండు నుంచి ఎనిమిది దాకా

ఎర్రమంజిల్‌లో ఈ కాలమిస్టు ఉండే అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ పెద్దాయన రిటైర్డ్ ఇంజినీరు. ఈ వారం ఆయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చారు. బ్యాంకు స్టేట్‌మెంటు ఎన్నిసార్లు దించినా ఫైలు తెరుచుకోవడం లేదట. చూస్తే ఫైలు నిండా నాలుగు కేబీలు లేదు. పేరు చివర పీడీఎఫ్ అని ఉంది, లోపల మాత్రం బ్యాంకు లాగిన్ పేజీ కూర్చుని ఉంది.

దొంగ ఇంట్లోనే ఉన్నాడు. పెద్దాయన ఏనాడో వేయించుకున్న ఐడీఎమ్ అనే డౌన్‌లోడ్ మేనేజరు, బ్రౌజర్‌లో లింకు నొక్కగానే దాన్ని మధ్యలో లాక్కుని తానే దించడానికి బయల్దేరుతోంది. బ్యాంకులో లాగిన్ అయింది బ్రౌజరు. ఆ గుర్తు, అంటే కుకీ, ఉన్నది బ్రౌజరు దగ్గర. అది సరిగా చేతికందకుండానే బయటి ప్రోగ్రాము అదే చిరునామాకు వెళ్లి తలుపు తట్టింది. సర్వరు ‘ముందు లాగిన్ అవ్వు’ అని ఆ పేజీనే ఇచ్చి పంపింది. ఇది దాన్నే తెచ్చి పీడీఎఫ్ అని పేరు పెట్టి దాచింది. బ్రౌజర్‌కు అది తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఆపగానే స్టేట్‌మెంటు బ్రౌజర్‌లోనే దిగిపోయింది.

పక్కనే ఉన్న మనవడు నవ్వాడు. “ఇంకా ఐడీఎమ్ ఏంటి తాతయ్యా, వైఫై ఉందిగా!”

నవ్వింది తాతను చూసే అయినా గుచ్చుకుంది ఈ కాలమిస్టుకు. దించుకుని దగ్గర పెట్టుకున్నదే మనదని ఈ శీర్షికలో ఏళ్ల తరబడి దండోరా వేస్తున్న మనిషి. ‘మళ్లీ అదే పాటా’ అని విసుక్కునే పాఠకులు కొంచెం ఓర్చుకోవాలి. ఆ కుర్రాడికి చెప్పాల్సిన కథ ఒకటుంది.

బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ 2005 జనవరిలో మొదలైంది. వేగం 256 కేబీపీఎస్, అంటే సెకనుకు 32 కేబీ. ఆ తర్వాత వచ్చిన 500 రూపాయల ప్లాన్‌లో పగటి వాడకానికి లెక్క, రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా లెక్క లేదు. ఆ ఆరు గంటలూ ఒక్క క్షణం తెగకుండా వచ్చినా దిగేది 675 ఎంబీ. 700 ఎంబీల నిండు సీడీ ఒక్క రాత్రిలో దిగదన్నమాట. మిగిలిన పాతిక ఎంబీల కోసం మర్నాటి రాత్రి దాకా ఆగాలి. అలా ఆగి, నిలిచిన చోటు నుంచి మళ్లీ అందుకునే తెలివి అప్పట్లో చాలామంది వాడే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు లేదు. 99 శాతం దగ్గర లైను పోతే సున్నా నుంచి మొదలు. బ్రౌజర్ మూసి తెరిచాక కూడా డౌన్‌లోడ్ కొనసాగించడం ఫైర్‌ఫాక్స్‌కే 2008లో, మూడో వెర్షన్‌తో గానీ రాలేదు.

అందుకే ఐడీఎమ్, ఫ్లాష్‌గెట్, డీఏపీ లాంటివి ఇంటింటా చేరాయి. రెండూ ఐదుకు మొదలుపెట్టు, ఏడూ యాభైకి ఆపు, ఆపాక కంప్యూటర్‌ను కూడా కట్టెయ్ అని చెప్పి పడుకుంటే చాలు. అమీర్‌పేట ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో జావా నేర్చుకునే కుర్రాళ్లకు హాస్టల్లో నెట్ ఉండేది కాదు. జేడీకే, ఎక్లిప్స్ లాంటి సాఫ్ట్‌వేర్ కోసం డేటావన్ ఉన్న ఇల్లు వెతుక్కుంటూ పెన్‌డ్రైవ్‌తో వచ్చేవారు. ఐడీఎమ్‌కు ఉచిత గడువు ముప్పై రోజులే. ఆ తర్వాత దాన్ని ‘బతికించే’ మంత్రం కూడా పెన్‌డ్రైవ్‌ల్లోనే తిరిగేది, తరచూ వైరస్‌ను వెంటబెట్టుకుని.

తెలుగు పుస్తకాల వాళ్లకు అసలు పండగ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాతో వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ నుంచి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో ఇది మన దేశపు భాగం. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఒక సర్వరు, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో మరొకటి. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు వేలల్లో కనబడేవి. చిక్కల్లా ఏమిటంటే పుస్తకం ఒక ఫైలుగా ఉండదు. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మ. చూడాలంటే బ్రౌజర్‌కు విడిగా ప్లగిన్ తగిలించాలి. మూడొందల పేజీల నవలంటే మూడొందల ఫైళ్లు.

ఇక్కడే డౌన్‌లోడ్ మేనేజరు తడాఖా చూపింది. ఐడీఎమ్‌లో బ్యాచ్ డౌన్‌లోడ్ అని ఉంటుంది. చిరునామాలో పేజీ నంబరు ఉండే చోట ఒక నక్షత్రం గుర్తు (*) పెట్టి, ఒకటి నుంచి మూడొందల దాకా, ఎనిమిది అంకెల్లో అని చెబితే వరసగా దించుకుంటూ పోతుంది. తెల్లారేసరికి ఫోల్డరు నిండేది. తర్వాత వాటిని పీడీఎఫ్‌గా కుట్టుకోవడం. నూట పదిహేడో పేజీ దిగలేదని నూట పదహారు చదివాక గానీ తెలిసేది కాదు, అది వేరే ఏడుపు.

ఆ డిజిటల్ లైబ్రరీ సైట్లు కాపీరైట్ ఫిర్యాదుల మధ్య 2017 ప్రాంతంలో మూతపడ్డాయి. అప్పటికే ప్రజా సమాచార ఉద్యమకారుడు కార్ల్ మలముద్ పుణ్యమా అని లక్షల పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌కు చేరాయి. సరే, అక్కడ భద్రమే కదా అనుకుంటే, 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీదే దాడి జరిగి కొన్నాళ్లు అందుబాటులో లేకుండా పోయింది.

ఇంతదాకా చదివినవారు, ఈయన డౌన్‌లోడ్ మేనేజరుకు హారతి పట్టబోతున్నాడని అనుకోవచ్చు. రాయడం మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం అదే. లెక్క వేసుకుంటే మాట మారింది.

ఫైలును ముక్కలు చేసి ఒకేసారి చాలా కనెక్షన్ల మీద దించడం వీటి గొప్పగా చెబుతారు. ఐడీఎమ్‌లో 32 దాకా పెట్టుకోవచ్చు. ఫలానా బైటు నుంచి ఇవ్వు అని అడిగే వీలు 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1లోనే ఉంది, సర్వరు 206 అని జవాబిచ్చి ఆ ముక్క పంపుతుంది. దూరంగా ఉన్న సర్వరు ఒక్కో కనెక్షన్‌కు కొంతే ఇస్తుంటే ముక్కల వల్ల లాభం నిజమే. కానీ ఇంటి లైనే సెకనుకు 32 కేబీలైతే దాన్ని నింపడానికి చాలాసార్లు ఒక్క కనెక్షన్ చాలు. తెర మీద నీలిరంగు ముక్కలు పోటీపడి నిండుతుంటే వేగంలా కనిపించేది. మనకు నిజంగా దక్కింది తెగినా వదలని ఓపిక.

సర్వరు వైపు నుంచి చూస్తే ఇంకా ఇబ్బంది. ఒక్క సర్వరుకు రెండు కనెక్షన్లు మించవద్దని 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం సలహా ఇచ్చింది. ప్రజాధనంతో నడిచే లైబ్రరీ సర్వరుకు 32 తెరవడమంటే రేషన్ షాపు క్యూలో ఒకే ఇంటివాళ్లు 32 మంది నిలబడటం. వెనకున్న విద్యార్థికి పేజీ తెరుచుకోకపోవడంలో మన బ్యాచ్ డౌన్‌లోడ్‌కూ వాటా ఉంటుంది.

ఇక ఇంటి లైన్ల వేగమూ మారిపోయింది. 2017 మార్చిలో ఇంటర్నెట్ సంస్థ యాక్ట్ హైదరాబాద్‌కు 1 జీబీపీఎస్ తెచ్చింది. ఆ లైను మీద నిండు సీడీ ఆరు సెకన్ల పని. మరోవైపు ఈ ఎక్స్‌టెన్షన్లు అన్ని సైట్లలోని డేటానూ చదివే, మార్చే అనుమతి అడుగుతాయి, బ్యాంకు పేజీతో సహా. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ సొంత సైటు నుంచే కొందరు లైనక్స్ వాడకందార్లకు 2020–22 మధ్య మాల్‌వేర్ చేరిందని కాస్పర్‌స్కీ 2023లో బయటపెట్టింది.

కాబట్టి తీర్పు మనవడి వైపే. బ్రౌజర్‌కు తగిలించిన డౌన్‌లోడ్ మేనేజర్ ఎక్స్‌టెన్షన్ తీసేయండి. ఫైళ్ల పెద్ద జాబితా దించాల్సి వస్తే 1996 నాటి డబ్ల్యూగెట్ ఉంది. తెగిన చోటు నుంచి అందుకుంటుంది, ఒక్క కనెక్షన్‌తో నడుస్తుంది, ఫైలుకూ ఫైలుకూ మధ్య కొన్ని సెకన్లు ఆగమంటే ఆగుతుంది.

దించుకున్నదే మనది అన్న పాట మాత్రం ఆగదు. డిజిటల్ లైబ్రరీ రోజుల్లో దించిన పుస్తకాలు మీ పాత హార్డ్ డిస్కులో ఉండొచ్చు. పొడవాటి బార్‌కోడ్ నంబరే పేరుగా ఉన్న ఫోల్డర్లు వెతకండి. పుస్తకం ఆర్కైవ్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే, రచయిత చనిపోయి అరవై ఏళ్లు దాటి ఉంటే, పేజీలన్నీ ఉన్నాయో లేదో సరిచూసి అక్కడ పెట్టండి. ఖాతా ఉచితం, అప్‌లోడ్‌కు బ్రౌజరు ఒక్కటే చాలు.