జరిగి చోటివ్వడం

వాడపల్లికి కొత్త మనిషి వింత కాదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు ఇది. అగస్త్యేశ్వరుణ్ణి, లక్ష్మీనరసింహస్వామిని చూడడానికి, అస్థికలు కలపడానికి ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. 2016 కృష్ణా పుష్కరాలప్పుడైతే ఘాట్ల మీద కాలు పెట్టే సందు లేదు. వంతెన దాటితే అవతలి ఒడ్డున పొందుగుల. రాత్రింబగళ్లు లారీలు పోతూనే ఉంటాయి. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం, ఇంకాస్త దూరం పోతే మిర్యాలగూడ రైసు మిల్లులు. బీహారు, ఒడిశా, జార్ఖండ్ నుంచి పనికోసం వచ్చినవాళ్లు మన సంతల్లో, బస్సుల్లో మన పక్కనే నిలబడుతున్నారు.

ఇలాంటి చోట కథోలిక విచారణ సువార్త ప్రకటించడమంటే ఏమిటి? మైకులు, కరపత్రాలు, మూడు రోజుల సభలు చాలామందికి ముందు గుర్తొస్తాయి. నా మటుకు నాకు అది అంతకంటే చిన్న పనితో మొదలవుతుంది. ఆదివారం పూజకు కొత్తగా వచ్చిన మనిషికి కూర్చోవడానికి చోటు దొరికిందా? సోమవారం నుంచి శనివారం దాకా ఆ మనిషిని ఎవరైనా తలచుకున్నారా? ఈ రెండూ జరగని చోట ఎంత గొప్ప ప్రసంగమైనా గోడకు చెప్పినట్టే.

మా వైపు గుళ్లలో ముందు చాపలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరి చోటు వారికి ఏళ్ల తరబడి అలవాటై ఉంటుంది. కొత్తవాళ్లు చెప్పులు విడిచిన చోటే ఆగిపోతారు. ఒక ఆదివారం అలాగే ఒక కుర్రాడు గడప దగ్గర నిలబడ్డాడు. మాసిన బూట్లు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. మొదటి పాట అయిపోయింది, పఠనం మొదలైంది. లోపలున్న మేమందరం చూశాం, ఎవరమూ కదల్లేదు. ఉపదేశిగారి భార్య లేచి వెళ్లి, “అక్కడెందుకు బిడ్డా, లోపలికి రా” అని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. తన మనవణ్ణి “నువ్వు జరుగురా” అని అదిలించి వాడి పక్కన కూర్చోబెట్టింది. ఆమెకు హిందీ ముక్క రాదు, అతనికి తెలుగు రాదు. పరలోక జపం వచ్చేసరికి మనవడు తెలుగులో చెప్తుంటే అతను తన భాషలో చెప్పుకున్నాడు. అందరం ఆమెన్ అన్నాక ఒక్క క్షణానికి అతనిదీ పూర్తయింది. ఆ జపం అంత శ్రద్ధగా చెప్పగా నేను విని చాలా కాలమైంది.

పూజ అయ్యాక “తిన్నవా?” అని ఆమె చేత్తో సైగ చేసి అడిగింది. అతను జార్ఖండ్‌వాడని, థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పని అని అప్పుడు తెలిసింది. ఆ మాట వినగానే నాకు కాన్‌స్టంట్ లీవెన్స్ గుర్తొచ్చారు. 1885లో ఛోటానాగ్‌పూర్ చేరిన ఈ బెల్జియం జెస్విట్ గురువు ముండా, ఓరాన్ రైతుల భూమి తగాదాల కాగితాలు చదివి, కోర్టుల్లో వాళ్ల తరఫున నిలబడ్డారు. జనం వేల సంఖ్యలో సంఘంలో చేరింది ఆ తర్వాతే. వాళ్ల కష్టం తన పనిగా ఎంచుకున్నవాడు చెప్పాడు కాబట్టి ఆ సువార్తను నమ్మారు.

మన నల్లగొండ మేత్రాసనం కథ కూడా దీనికి దూరం కాదు. 1976లో ఇది ఏర్పడినప్పుడు మొదటి మేత్రాణులు పీమే మిషనరీ సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నేల్. అదే సభ నుంచి ఇటలీ గురువు లుయీజి పెజ్జోని వచ్చి నల్లగొండలో కుష్ఠురోగులకు వైద్యం అందించే కేంద్రాన్ని నడిపారు. సొంతవాళ్లే ఊరి బయట పెట్టినవాళ్లను లోపలికి పిలిచి, పుండ్లు కడిగి, కట్లు కట్టిన చోటు అది. దాన్ని సేవ అని ఒక పక్కన, సువార్త అని ఇంకో పక్కన విడదీయడం నాకు చేతకాదు.

పిలవడం వేరు, వల వేయడం వేరు. సంఘం పెరిగేది ఆకర్షణతోనే గానీ మతమార్పిడి ప్రచారంతో కాదని ఫ్రాన్సిస్ పోపు 2013లో రాసిన సువార్తానందం లేఖలో స్పష్టంగా ఉంది. పెద్దవాళ్లు జ్ఞానస్నానం కోరితే మన సంఘం తొందరపడదు. నెలల తరబడి బోధన, ప్రార్థన, సంఘంతో సహవాసం, ఆ తర్వాత పాస్కా జాగరణ రాత్రి స్నానం. ఆశపెట్టి తెస్తారనే మాట వినపడినప్పుడల్లా ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ హోదా పోగొట్టుకొని మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తాడు. అంత వదులుకొని వచ్చిన మనిషికి మనం ఇచ్చే చోటు ఏది?

ఇక్కడే మన గుండె మీద చెయ్యి వేసుకోవాలి. గుడిలో ఒకే పాత్ర నుంచి సత్ప్రసాదం తీసుకొని, బయటికొచ్చాక ఎవరి వాడకు వాళ్లు పోతాం. పండుగ కమిటీలో ఎవరుండాలి, పెళ్లి భోజనాల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్నప్పుడు కులం లేచి నిలబడుతుంది. సంఘం లోపల వివక్ష ఉందని 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే తన దళిత సాధికారత విధాన పత్రంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి, తెలుగువాళ్ల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. రోములో దొరికిన ఆ చోటు మన చాపల మీద కూడా దొరకాలి. గడప దగ్గర నిలబడే కొత్తవాడు ముందు చూసేది మన పాత సభ్యుల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో.

మఠంపల్లి శుభవార్త చర్చి పండుగకు ఎడ్ల పందేలు చూడడానికి అన్ని మతాల వాళ్లూ వస్తారు. పండుగ రోజు అందర్నీ రమ్మనడం మనకు బాగా వచ్చు. పాటగాళ్లు నలుగురే వచ్చిన వానకాలపు ఆదివారం కూడా అదే మనసుతో రమ్మనడం కష్టం. ఆ కష్టాన్ని మోసేది ఎక్కువగా ఉపదేశులే. ఎవరింట్లో జ్వరం, ఎవరి కొడుకు హైదరాబాదు పోయాడు, ఎవరు అలిగి రావడం మానేశారు, అన్నీ వాళ్లకు తెలుసు. ఆ జార్ఖండ్ కుర్రాడు తర్వాతి ఆదివారం కనపడకపోతే మా ఉపదేశిగారు బండి వేసుకొని కూలీల షెడ్ల దాకా పోయి కనుక్కొచ్చారు. నైట్ షిఫ్టు పడి పడుకున్నాడట. సాయంత్రం పూజ ఎప్పుడో, ఎక్కడో చెప్పి వచ్చారు. ఆ సాయంత్రం అతను ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

ఈ పని ఒక్క ఉపదేశి మీద వదిలేయకూడదు. విచారణ కమిటీ కూర్చున్నప్పుడు కానుకల లెక్క కంటే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: ఈ నెల కొత్తగా ఎవరొచ్చారు, పాతవాళ్లలో ఎవరు రాలేదు? ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఇల్లు బాధ్యత తీసుకోవాలి. వారంలో ఒకసారి ఆ గుమ్మం తొక్కి రావాలి. వచ్చే ఆదివారం నుంచే ఇది మొదలుపెట్టొచ్చు, డబ్బు ఖర్చు లేదు. పక్కవాడికి చోటిచ్చేలా కాస్త జరిగి కూర్చుంటే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడు.