అద్భుతకథయు సంగీతరంగమును – అల్పాయువైన యొక నాటకముపై విమర్శనము

అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమని ఆలంకారికుల మతము. ఆ విస్మయము చదువరియందు కలుగు తీరు వేఱు. ప్రేక్షకునియందు కలుగు తీరు వేఱు. చదువరి యెదుట నున్నది అక్షరము మాత్రమే. కొండను, కోటను, భూతమును అతడే తన మనస్సున కల్పించుకొనవలెను. ప్రేక్షకుని యెదుట అవి కట్టెతోను, గుడ్డతోను, వెలుతురుతోను నిర్మితములై నిలుచును. కావున అద్భుతకథను రంగమున కెక్కించువాడు చదువరి యూహను తాను పుచ్చుకొని, దానికి మాఱుగా మఱియొకటి ఈయవలసిన ఋణస్థుడు. ఆ ఋణము ఎట్లు తీరును, ఎట్లు తీరకపోవును అను ప్రశ్నను ఒక ప్రసిద్ధోదాహరణముతో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ఆంగ్ల రచయిత టోల్కీన్ రచించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడినది. దీనిని సంగీతనాటకముగా మార్చి కెనడా దేశములోని టొరంటో నగరమున, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ నాటకశాలయందు 2006 మార్చి 23వ తేదీన ప్రారంభించిరి. రచన షాన్ మెకెన్నా, మాథ్యూ వార్కస్ అనువారలది, దర్శకత్వము వార్కస్‌దే. సంగీతమును మన ఏ. ఆర్. రహమాన్, ఫిన్లండు జానపద గాయకబృందమైన వార్టినా, క్రిస్టఫర్ నైటింగేల్ కలసి కూర్చిరి. వ్యయము 2 కోట్ల 80 లక్షల కెనడా డాలర్లు. ఆ నగరమున నిచ్చు డోరా బహుమానములు 7 లభించినను, ఆ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీననే ప్రదర్శనములు నిలిచిపోయినవి. పిదప నాటకమును కుదించి, సవరించి, 2007లో లండనున డ్రూరీ లేన్ రాజనాటకశాలయందు ఆడిరి. అచ్చటను 492 ప్రదర్శనములతో 2008 జూలై 19న తెర పడినది.

వ్యయాధిక్యమే ఇందుకు కారణమని చెప్పుట సులభము. సుమారు 2,000 మంది పట్టు నాటకశాల ప్రతిదినము నిండిననే గాని ఇట్టి ప్రదర్శనము నిలువదనుట సత్యమే. కాని ఆ మాట లెక్కలు వ్రాయువానికి చాలును, విమర్శకునికి చాలదు. నాటకశాల ఏల నిండలేదనునది మిగిలియే యున్నది. మఱియు ఆయుర్దాయమొక్కటే గుణమునకు కొలత కాదు. కనుక కృతిని, దాని రంగరూపమును పక్కపక్కన నుంచి చూడవలెను.

మూలకథ యొక నడక. ఫ్రోడో అను అల్పకాయుడు, శామ్ అను తోటమాలి వెంటరాగా, లోకమును చెఱపగల యొక యుంగరమును అగ్నిపర్వతమున పడవేయుటకై కాలినడకను పోవును. గ్రంథములో పుటల కొలది సాగునది యుద్ధము కాదు, త్రోవయే. ఆ త్రోవ పొడుగునను పాటలు కలవు. గ్రంథమంతట 60కి పైగా గేయములున్నవి. స్నానమునకు పాట, భోజనమునకు పాట, నడకకు పాట. అనగా నిది పుట్టుకతోనే గానమును గర్భమున దాల్చిన కథ. సంగీతనాటకముగా మార్చుటకు ఇంతకంటె అనుకూలమైన నవల లేదని తోచును. ఐనను నాటకము నిలువలేదు. చిక్కు ఇచ్చటనే యున్నది.

నడకకును పాటకును గల సంబంధమును గ్రహించుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. నల్లమల యంచునగల ఆత్మకూరు చాలును. పూర్వము కర్నూలు జిల్లాలోను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను చేరిన ఈ యూరు శ్రీశైలమునకు పోవు కాలిబాటకు వాకిలి వంటిది. శివరాత్రికి తెలుగువారును, ఉగాదికి విశేషముగా కన్నడిగులును ఈ దారిని నడచిపోవుదురు. వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారము ఆ త్రోవలోని మజిలీలు. ఒకడు మల్లన్నపై పాట యెత్తికొనగా గుంపు అందుకొనును. చరణము ఎచ్చట తెగవలెనో ఊపిరి నిర్ణయించును. లయ ఎంత వడిగా నుండవలెనో ఎక్కుడు నిర్ణయించును. అచ్చట పాట నడకకు అలంకారము కాదు, చేతికఱ్ఱ.

మన కథకులును ఈ మర్మము నెఱుగుదురు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' అను అద్భుతకథా సంపుటము త్రోవ నడచుటనే చట్రముగా గొన్నది. మణిసిద్ధుడు మజిలీ మజిలీకి గోపకుమారునకు కథ చెప్పును. కథ కొఱకు కుఱ్ఱవాడు నడచును. నడక నిలిచినచో కథయు నిలుచును.

ఈ గీటురాయిపై టొరంటో, లండను ప్రదర్శనములను గీచి చూతము. రాబ్ హావెల్ కల్పించిన రంగస్థలము మూడు తిరుగుడు వలయములతోను, పైకి లేచి క్రిందికి దిగు 17 భాగములతోను కూడిన మహాయంత్రము. కొండ కావలసినచోట నేల లేచును, లోయ కావలసినచోట దిగును, నడువవలసినచోట తిరుగును. నిర్మాణకౌశలము కొనియాడదగినదే. కాని నేల తానే నడచునపుడు నటుని పాదమునకు పని తగ్గును. పాదమునకు పని తగ్గినచోట పాటకును అవసరము తగ్గును. శ్రమలోనుండి పుట్టవలసిన గేయము యంత్రపు కదలికకు నేపథ్యధ్వనిగా దిగజాఱును. లండను ప్రదర్శనములకు నాంది యైన 2007 మే మాసపు ముందాటలలో ఒక నటుని కాలు ఆ కదలు రంగమున చిక్కుకొనగా నాటి యాట నిలిపివేయబడినది. దానిని ప్రమాదముగానే చూడవలెను. ఐనను రంగమున ఎవరు ప్రధానమో అది చూపక మానదు.

రెండవది సంక్షేపదోషము. వేయిపుటల గ్రంథమును ఒక రాత్రికి కుదింపవలసి వచ్చినది. మూలమున రోహాన్, గోండోర్ అను రెండు రాజ్యములు, వేఱువేఱు స్వభావములుగల ఇద్దఱు ప్రభువులు గలరు. ఒకడు దిగులునుండి లేచి యుద్ధభూమిని వీరుడై మడియును. రెండవవాడు దిగులులోనే దగ్ధమగును. ఈ వైషమ్యమే ఆ భాగమునకు ప్రాణము. నాటకమున ఈ రెండును కలసి 'మానవుల దేశములు' అను ఒకే రాజ్యముగను, ఒకే పాలకుడుగను మాఱినవి. కథ ముందుకు సాగినది గాని పాత్రోన్మీలనము పోయినది. కథ చెప్పుటకే కాలము చాలని నాటకమున పాట నిలిచి పాడుటకు తావెక్కడిది?

ఇచ్చట మన రంగస్థల చరిత్ర మనకు తోడ్పడును. బళ్ళారియందు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో 'చిత్రనళీయము'తో పద్యగద్యగేయములు కలసిన నాటకమునకు బాట వేసిరి. అంతకు రెండేండ్ల ముందు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి కుటుంబము 'కీచకవధ' నాడి సురభి నాటకములకు నాంది పలికినది. సురభివారిది యంత్రము లేని రంగము కాదు. 'మాయాబజారు'న లడ్డులు తమంతట ఎగిరి ఘటోత్కచుని నోట పడును. 'బాలనాగమ్మ'లో మాయల ఫకీరు మంత్రములకు తగిన తంత్రములన్నియు గలవు. ఐనను ఆ కనుకట్టు క్షణమాత్రము. పద్యమో, పాటయో చాలసేపు సాగును. తెర వెనుక తాడు లాగు కుటుంబమే తెర ముందు పాడుచుండును.

వారికి ఆ తీరిక ఎక్కడనుండి వచ్చినది? ప్రేక్షకునకు కథ ముందే తెలియుటనుండి. బాలనాగమ్మ కథను జంగముల నోటను బుఱ్ఱకథలోను విననివారు మన పల్లెలలో అరుదు. ఫకీరు ప్రాణము చిలుకలో నున్నదని ఎవరికిని క్రొత్తగా చెప్పనక్కఱలేదు. వారు వచ్చినది ఆ చిలుకను చూచుటకు, ఆ యిల్లాలి దుఃఖమును రాగముగా వినుటకు. కథ చెవికి తెలిసినది, కంటికి తెలియనిది. అందువలన రంగము చూపిన కొంచెమే ఎంతయో అయినది.

టోల్కీన్ కథయు ప్రేక్షకులకు తెలిసినదే కదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఎట్లు తెలిసినది? 2001 మొదలు 2003 వరకు పీటర్ జాక్సన్ తీసిన మూడు చలనచిత్రములు ఆ లోకమును కోట్లాది జనుల కంటికి చూపియుంచినవి. కంటికి తెలిసిన కథను మరల కంటికే చూపబూనినచో పోలిక తప్పదు. ఆ పోలికలో నాటకశాల ఓడక తప్పదు. చలనచిత్రమున వేలకొలది సైన్యము; రంగమున ఏబదిమంది. ఈ నాటకము తనకు బలము గల చెవిని విడిచి, బలము లేని కంటితో పందెము కాచినదని మా నిర్ణయము.

ఇందుకు ప్రత్యుదాహరణముగా 'వికెడ్' అను నాటకమును చూపవచ్చును. గ్రెగరీ మగ్వైర్ అద్భుతనవలనుండి పుట్టిన ఈ సంగీతనాటకము 2003లో న్యూయార్కున ఆరంభమై, రెండు దశాబ్దములు దాటిన పిమ్మట కూడ ఆడుచున్నది. దీని పూర్వకథయైన ఓజ్ మాంత్రికుని వృత్తాంతము 1939 నాటి చిత్రము మూలమున అమెరికనులకు కంటికి తెలిసినదే. కాని 'వికెడ్' ఆ తెలిసిన దృశ్యములను మరల చూపదు. అందలి దుష్టమంత్రగత్తె దృష్టినుండి కనబడని పార్శ్వమును వినిపించును. కావున కంటికి తెలియుట దోషము కాదు; తెలిసినదానినే మరల చూపుటకు సర్వస్వమును వెచ్చించుట దోషము.

ఐనను ఈ నాటక సంగీతము తేలిక కాదు. 2008లో వెలువడిన లండను నటవర్గపు ధ్వనిముద్రణమును రంగయంత్రము అడ్డులేక వినినపుడు దాని విలువ తెలియును. టోల్కీన్ తాను కల్పించిన దేవజాతి భాష కొకదానికి ఫిన్నిషు భాషనుండి స్ఫూర్తి పొందెను. కావున వార్టినావారి ఫిన్నిషు కంఠములు ఆ కథకు పరాయివి కావు. ఫ్రోడో, శామ్ పాడు యుగళగీతము, తామును ఒకనాడు కథలోనివార మగుదుమను మూలభావమును పట్టుకొన్నది. శత్రుదేశపు వాకిట ఇద్దఱు బడలిన బాటసారులు పాడుకొను ఆ పాటలో ఆత్మకూరు బాటలోని ఊపిరి యున్నది. నాటకమంతయు ఈ మార్గమున పోయియుండినచో దాని చరిత్ర వేఱుగా నుండెడిది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2023లో ఇంగ్లండునందలి న్యూబరీ దగ్గఱ, సుమారు 200 మంది పట్టు వాటర్‌మిల్ నాటకశాలలో పాల్ హార్ట్ దర్శకత్వమున ఇదే నాటకమును మరల ఎత్తిరి. నటులే వాద్యములు వాయించిరి. మొదటి ఘట్టమైన జన్మదినోత్సవమును ఆరుబయట తోటలో జరిపి, ప్రేక్షకులను విందుకు వచ్చిన చుట్టములుగా భావించి, పిదప లోనికి కొనిపోయిరి. ప్రేక్షకుడును కొన్ని అడుగులు నడచినాడు! ఆ రూపము 2024లో చికాగోకును, అటుపై న్యూజీలండునకును పయనించినది. పాటలు పూర్వపువే, కథయు పూర్వపుదే. తొలగినది మహాయంత్రము, తిరిగి వచ్చినది మనుష్యశ్వాసము. కావున అల్పాయువు కృతిది కాదు, అది తొడిగిన కవచముది.

ఈ విచారణము మనకేల యన్నచో, మనయొద్దను రంగమునకెక్కవలసిన మహాద్భుతకథ యొకటి కలదు. నంద్యాల కృష్ణమరాజున కంకితమైన పింగళి సూరన 'కళాపూర్ణోదయము' ఆత్మకూరికి పొరుగుసీమలో వెలసిన కృతి. రంభారూపము దాల్చిన కలభాషిణియు, నలకూబరరూపము దాల్చిన మణికంధరుడును నిజమైన రంభానలకూబరులకు ఎదురుపడు ఘట్టమును మించిన నాటకీయత అరుదు. ఈ కావ్యపు కథాసంవిధానమును కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము'న చర్చించిరి. కాని సూరన కథ బాలనాగమ్మవలె చెవికి తెలిసినది కాదు. పైగా దాని సొగసంతయు రహస్యమును దాచి, ఆలస్యముగా విప్పుటలో నున్నది. పుట్టబోవువాని కథను బ్రహ్మ ముందే సరస్వతికి చెప్పుట, ఆ చెప్పినది పిదప జరుగుట, జరిగినవారికే అది తరువాత తెలియుట – ఈ చిక్కుముడిని ఒక్క రాత్రిలో, యంత్రముల నడుమ విప్పబూనినచో టొరంటో గతియే పట్టును.

కావున కళాశాలలలో దీనిని ప్రదర్శింప నుత్సహించు విద్యార్థులకు మా సూచన యిది. మొదట ఈ కథను హరికథగానో, బుఱ్ఱకథగానో, విడివిడి ఘట్టముల గానముగానో జనుల చెవికి ఎక్కింపుడు. తెర, దీపము, విమానము పిదప చూచుకొనవచ్చును. రంగమునకు కావలసిన పూర్వజ్ఞానమును కల్పించుట నాటకకర్త పనికి వెలుపలిది కాదు. అందులో మొదటి పని. చదువరినుండి పుచ్చుకొన్న యూహకు బదులు చెల్లింపగల సొమ్ము పాట యొక్కటే. కొండను కట్టి చూపినవానికంటె, కొండ నెక్కువాని యూపిరిని వినిపించినవాడే ఆ ఋణము తీర్చుకొనును.