టీ జల్లెడలో రాయి

మిరప కోతల రోజుల్లో నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల్లోకి దిగింది. కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. దర్శిలో డాక్టరు గది ముందు మెలికలు తిరుగుతూ బోర్డు చదివాను: ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్., ఎం.సిహెచ్. యూరాలజీ. హౌస్‌సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్ళు, జనరల్ సర్జరీకి 3, యూరాలజీకి మరో 3. మధ్యలో ప్రవేశ పరీక్షలకు పోయిన ఏళ్ళు బోర్డుకెక్కవు.

నాకంటే ముందు ఒక మిరప కూలీ.

"చేలో ఉన్నప్పుడు నీళ్ళు తాగుతావా అమ్మా?" అడిగాడు డాక్టరు.

"తాగితే ఒంటేలుకి లేవాలి గదయ్యా. మిరప చేలో చాటెక్కడిది? పత్తిచేనైతే కాస్త నయం."

ఆయన నవ్వలేదు. మేస్త్రీ ఎవరో, చేను ఎవరిదో కనుక్కున్నాడు. ఇలా అడగడం ఏ కాలేజీలో నేర్పుతారో గానీ, నాకైతే స్కానింగ్ కంటే అదే గట్టి పరీక్ష అనిపించింది.

నా స్కానింగ్‌లో మూత్రనాళంలో రాయి తేలింది, 4 మిల్లీమీటర్లు. "దానంతటదే పడిపోవచ్చు. జ్వరమొస్తే మాత్రం ఆగకుండా రండి" అని మాత్రలు రాశాడు. రాళ్ళ కోసం కోయడం సుశ్రుతుడి నాటి విద్య. హిప్పోక్రటీస్ ప్రమాణంలోనేమో ఆ కోత తెలిసినవాళ్ళకే వదలాలని ఉంది. 1976లో స్వీడన్‌లో వీపు నుంచి రంధ్రం చేసి తీశారు, 1980లో మ్యూనిక్‌లో బయటి నుంచే తరంగాలతో పగలగొట్టారు. ఇప్పుడు లేజరు. ఇన్ని చేతిలో ఉండి కూడా ఆగమని చెప్పాలంటే అనుభవం కావాలి.

ఆయన బల్ల మీద ఓ పొడుగాటి నోటు పుస్తకం. మూత్రనాళంలో డీజే స్టెంట్ అనే గొట్టం వేసినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, తీయాల్సిన తేదీలు. తీసినవాటి మీద ఎర్రగీత. మా బంధువొకాయనకి ఎక్కడో స్టెంట్ వేసి, తీయించుకోవాలన్న సంగతే చెప్పలేదు. రెండేళ్ళకి దాని చుట్టూ రాళ్ళు పేరుకుని కొత్త ఆపరేషన్‌కి తెచ్చింది. అందుకే ఆ గీతల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో అమ్మ రాళ్ళకి మంచిదని కొండపిండి ఆకు పప్పు చేసింది. డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే, "తినండి, కానీ రోజుకి రెండున్నర లీటర్ల ఒంటేలు రావాలి, అన్ని నీళ్ళు తాగండి" అన్నాడు. రాయి పడితే దొరకాలని, ఆయన చెప్పినట్టే ఒంటేలుకి పాత టీ జల్లెడ పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఐదో రాత్రి టిక్కుమంది. జొన్నగింజంత, గరుకుగా, గోధుమ రంగులో.

కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను. లైటు కింద తిప్పి చూసి ల్యాబుకి పంపమన్నాడు. అప్పటికే నోటు పుస్తకంలో పేజీ తిప్పి ఫోన్ అందుకున్నాడు. "అన్నా, గొట్టం తీయాలి గదా, ఎప్పుడొస్తావ్?"