గోష్ఠిలో పదునెక్కే గొంతు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటే తొలిసారి నలుగురి ముందు పాడేది ఎక్కడ? హైదరాబాద్‌లోలా ఇక్కడ సభలు లేవు. చాలావరకు గుడే వేదిక. సిరిసిల్ల పక్కనే ఉన్న వేములవాడ రాజన్న ఆలయంలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. పెద్ద విద్వాంసుల కచేరీలు వినడం భాగ్యమే. కానీ కొత్త గొంతుకు అంతకన్నా మేలు చేసేది త్యాగరాజ పంచరత్న కీర్తనల గోష్ఠిగానం.

పదిమందిలో కలిసి పాడితే ఏం వస్తుందని కొందరు దాన్ని తేలిగ్గా తీసేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఈ అయిదు ఘనరాగాల్లోని పంచరత్న కృతులన్నీ ఆదితాళంలోనే ఉంటాయి. చరణాల్లో ముందు స్వరం, వెంటనే అదే వరుస మీద సాహిత్యం పాడాలి. మాటలు బట్టీపట్టి నెట్టుకురావడం కుదరదు. గౌళనే చూడండి. సరళీవరసలు మాయామాళవగౌళలో నేర్చిన పిల్లకు అందులోని రిషభం తెలిసినట్టే అనిపిస్తుంది. గౌళలో మాత్రం అది ఇంకాస్త దిగి, షడ్జానికి దగ్గరగా నిలుస్తుంది. దాన్నే ఏకశ్రుతి రిషభం అంటారు. పుస్తకంలో రెంటికీ 'రి' అనే ఉంటుంది. తేడా చెవికే తెలియాలి. పక్కన అనుభవజ్ఞులు పాడుతుంటే, తన స్వరం ఎక్కడ పైకి పోతోందో పిల్లకు అప్పటికప్పుడే తెలిసిపోతుంది. వరాళిని గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యుల మధ్య ఎడబాటు వస్తుందని పాత నమ్మకం. అందుకే దాన్ని విని పట్టుకునేవారు. విని పట్టుకోవడానికి గోష్ఠిని మించిన చోటేది?

మన పిల్లలకు ఇంకో బలం ఉంది. పంచరత్నాల్లో నాటరాగ కృతి ఒక్కటే సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలోని సీస పద్యాలు వింటూ పెరిగిన జగిత్యాల పిల్లకు, మాటను ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ గోష్ఠి పద్ధతి మరీ పాతదేమీ కాదు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందితే, ఆయన సమాధి ఉన్న తిరువయ్యారులో ఆరాధన నాడు అందరూ కలిసి పంచరత్నాలు పాడే ఆచారం 1940ల్లోనే స్థిరపడింది. అంతకుముందు ఆ ఆరాధనలో స్త్రీలను పాడనిచ్చేవారు కాదు. బెంగళూరు నాగరత్నమ్మ సొంత సొమ్ముతో సమాధి మందిరం కట్టించి, స్త్రీల బృందంతో పాడించారు. ఇవాళ మన ఆడపిల్లలు ముందు వరసలో కూర్చుంటున్నారంటే ఆమె పోరాటం గుర్తుకు రావాలి.

గోష్ఠికి లోటూ ఉంది. ఆడ, మగ గొంతులన్నీ ఒకే శ్రుతిలో పాడాలి కనుక కొందరికి పై స్థాయి అందదు, కొందరికి కింది స్వరాలు పలకవు. రేపు ఆకాశవాణి బి గ్రేడ్ ఆడిషన్‌కు వెళితే ఒక్కరే పాడాలి, పక్కవారి ఆసరా ఉండదు. కాబట్టి ఆరాధన ముగిసిన మర్నాడే గురువు ఆ పిల్లను తంబురా ముందు కూర్చోబెట్టి, ఆమె సొంత శ్రుతిలో అదే గౌళను మొదటి నుంచి పాడించాలి.