పెద్దింటి వాకిట

తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరు వస్తూ, పూళ్ళ దాటగానే ఎడమ కిటికీకి చెంప ఆనించేదాన్ని. కొల్లేరు సరస్సు కంటికి ఆనేది కాదు. గాలి చెప్పేది. తామరాకుల మీద దొర్లిన గాలి, జమ్ము పొదల్లో తల దువ్వుకున్న గాలి, తడిసిన తుంగ వాసన మోసుకొచ్చి ఒళ్ళో వంపి పోయేది. ఇప్పుడూ అదే దారి. గాలి మాత్రం కోళ్ళపెంట వాసన మోస్తోంది. చేపల చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు. ఏరేటర్లు రాత్రింబవళ్ళు నీళ్ళను చిలుకుతూనే ఉన్నాయి, ఏ అమృతమూ పుట్టదు.

నష్టపోయినవాడు కొంప కొల్లేరైందంటాడు మన నాట. కొల్లేరే కొంప అయినవాళ్ళు తమ గోడు ఏ మాటతో చెప్పుకోవాలి?

ఎంత ఇల్లమ్మా అది! కృష్ణమ్మకీ గోదారమ్మకీ నడుమ, అక్కచెల్లెళ్ళ ఒళ్ళు కలిసిన పల్లంలో వెలసిన నీటి లోగిలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తలో గుమ్మంలోంచి వచ్చి చేరితే, ఉప్పుటేరు పెరటి దారిన కడలికి సాగనంపేది. లోగిలి నడుమ లంకలు: కడుపులో 46 ఊళ్ళు, చుట్టూ ఒడ్డున 76. కొల్లేటికోట లంకలో కొలువున్న తల్లి పేరు పెద్దింట్లమ్మ. ఆ పెద్దిల్లు గుడి కాదని, ఈ సరస్సేనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఫాల్గుణంలో జాతరకి వెళ్ళినప్పుడల్లా అమ్మ ముందు చేతులు జోడించి, ఇంటిని ఇలా చేసినందుకు తలెత్తలేకపోతాను.

ఆ ఇంట్లో ఎందరుండేవారు! బురదలో కొర్రమీను, ఇంగిలాయి, మట్టగిడస, లోతుల్లో వాలుగ. వాటి వెంట వడ్డీ జాలర్ల తాటిదోనెలు, వెదురు మావులు. మనిషెత్తు కిక్కిస అడవి చేపపిల్లకి ఉయ్యాల, పిట్టకి పురిటిగది. చలికాలం రాగానే హిమాలయాల అవతలి నుంచి పరజలు. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగొట్టు కొంగలు, నుదుట నామం దిద్దుకున్న బొల్లికోళ్ళు.

అన్నిటిలోకీ నా ప్రాణం గూడబాతు. ముక్కు కింద వేలాడే ఆ తిత్తి, మా తాతలు కాలవలోంచి చేలోకి నీళ్ళు తోడిన గూడలాగే ఉంటుంది. మా పనిముట్టుని గొంతుకి కట్టుకు తిరిగే పక్షి పరాయిదెలా అవుతుంది? 1946లో కె.కె. నీలకంఠన్ (ఇందుచూడన్ పేరుతో మలయాళీలు మురిపెంగా చదువుకున్న పక్షిశాస్త్రవేత్త) పశ్చిమగోదావరి ఆరేడులో ఆ పక్షుల కొలువు చూసి లోకానికి చెప్పాడు. ఊరి చెట్ల మీదే గూళ్ళు. మన వాకిళ్ళ మీదుగా వాటి పిల్లల ఆకలి కేకలు. మూడు దశాబ్దాలు తిరిగేసరికి ఆ కొలువు ఖాళీ. అంత పెద్ద పక్షి లేచిపోతే గాలి కదిలి ఉంటుంది కదా, మనం ఎందుకు తలెత్తి చూడలేదు!

కిక్కిస పీకి గట్లు పోశాం. శీలావతి, బొచ్చె పెంచి, ఐసు పెట్టెల్లో కలకత్తాకి పంపాం. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు. 2005-06లో ప్రభుత్వంవాళ్ళు గట్లు పేల్చారు, మళ్ళీ మొలిచాయి. చెరువులు తవ్వినవాళ్ళు ఎక్కణ్ణుంచో రాలేదు. మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళూ చదువులూ ఆ చేపల సొమ్ముతోనే గడిచాయి. గట్లు తెగిన రోజు లంకల్లో చిన్నకారు జాలరి ఏడ్చిన ఏడుపూ నిజమే, దాన్ని నేను కాదనలేను. కానీ కిక్కిస ఎవరి దగ్గర ఏడవాలి?

ఉప్పుటేరు తవ్వినప్పుడు ఒక సేనాని కన్నకూతుర్ని బలిచ్చాడని, అందుకే దానికి పేరంటాల కనుమ అన్న పేరని పాత కథ. ఇప్పుడు ఇంట్లో మంచినీరు తగ్గి, ఆ పెరటి దారినే సముద్రం ఎదురెక్కుతోంది. కలువ కాడ ఉప్పుకి కమిలిపోతోంది. మిగిలిన మడుగుల్లో దక్షిణ అమెరికా నుంచొచ్చిన గుర్రపుడెక్క ఊదాపూల చీర పరిచి, కింద నీటికి ఊపిరాడనివ్వదు. ఎంత అందమైన పీటముడి!

మొన్న కైకలూరు పక్కన ఆటపాకలో సాయంత్రం దాకా కూర్చున్నాను. గూడబాతులు తిరిగొచ్చాయి, వందలుగా. చెట్లు చాలక అటవీశాఖవాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. ఒక గూడబాతు ఎండుపుల్ల ముక్కున కరుచుకొచ్చి ఇనుప కమ్మీల మీద ఆనించింది. కొమ్మయితే పట్టుకునేది. పుల్ల జారి నీళ్ళలో పడింది. పక్షి మెడ వంచి కాసేపు చూసింది. రెక్కలు విప్పి, ఎర్రబడుతున్న నీళ్ళ మీదుగా ఇంకో పుల్ల కోసం వెళ్ళింది.