వైరస్ సోకని 35 మంది కోసం

పెద్దవాళ్లలో నూటికి 95 మంది ఒంట్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. ఎప్పుడో ఎంగిలి ద్వారా చేరి, జీవితాంతం బి-కణాలనే తెల్ల రక్తకణాల్లో తిష్ఠ వేస్తుంది. సొంత రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల పైపొరను పాడుచేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)‌కి ఇదే కారణమని తేల్చడమెలా? రోగుల్లో ఉన్న వైరస్ పక్కింటివాళ్లలోనూ ఉందాయె! అది సోకనివాళ్లు కావాలి. వాళ్లకు జబ్బు రాకముందు తీసిన రక్తమూ కావాలి.

హార్వర్డ్‌లో అల్బెర్టో అస్కెరియో, షెటిల్ బ్యోర్నెవిక్ బృందానికి ఆ రక్తం అమెరికా సైన్యం దగ్గర దొరికింది. హెచ్ఐవీ పరీక్షలకు తీయగా మిగిలిన సీరాన్ని సైన్యం గడ్డకట్టించి దాచింది. 1993 నుంచి 2013 దాకా కోటి మందికి పైగా సైనికుల్లో ఎంఎస్ వచ్చినవాళ్లు 955 మంది. వారిలో సరిపడా సీరం ఉన్న 801 మందిని పరీక్షిస్తే, మొదటి నమూనాలో వైరస్ జాడ లేనివాళ్లు 35 మందే. అంత జల్లెడ పట్టింది ఈ గుప్పెడు మంది కోసం! వారిలో 34 మందికి జబ్బు బయటపడేలోగా వైరస్ సోకింది. పోలిక కోసం తీసుకున్న ఎంఎస్ లేని సైనికుల్లో, మొదట వైరస్ లేనివారిలో తర్వాత సోకింది సగానికి కాస్త ఎక్కువ మందికే.

అసలు పనితనం ఆ తర్వాతది. ఏ వైరస్ సోకినా ఇంతేనేమో అన్న అనుమానానికి, ఇలాగే ఎంగిలితో వ్యాపించే సైటోమెగాలోవైరస్‌ని కూడా పరీక్షించారు; దానితో ముప్పు పెరగలేదు. లక్షణాలకు ఏళ్ల ముందే ఎంఎస్ లోలోపల మొదలవుతుంది కాబట్టి, జబ్బే ముందు వచ్చి వైరస్‌కి దారిచ్చిందేమో అన్నది ఇంకా గట్టి అనుమానం. అందుకని నరాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అనే ప్రొటీన్‌ని ఆ పాత నమూనాల్లోనే కొలిచారు. వైరస్ సోకాకే అది పెరిగింది. ఆ ఒక్క కొలతకే నేను ముగ్ధుణ్ణయ్యాను.

2022 జనవరిలో 'సైన్స్' పత్రికలో ఇది రాగానే ముప్పు 32 రెట్లన్న అంకె మారుమోగింది. దాని వెనకున్న అనిశ్చితి 4 నుంచి 245 రెట్ల దాకా సాగుతుంది. వైరస్ ఉన్నవాళ్లలో అత్యధికులకు ఎంఎస్ రాదు కూడా, ఇంకేదో తోడవ్వాలి. ఇక 801 మందిలో వైరస్ జాడే కనబడని ఆ ఒక్కరి సంగతి? చివరి నమూనా తీశాక సోకిందేమో, యాంటీబాడీలు పుట్టలేదేమో, అసలు రోగనిర్ధారణే తప్పేమో అని రచయితలు వ్యాసంలోనే రాసిపెట్టారు.