డబ్బా రంగు, బారెడు ఓర్పు

పెయింట్‌బాల్ ఆటగాండ్ర చేతనుండి రంగు గుండ్లను పేల్చు మార్కరునకు ఇంటి వెనుక షెడ్డులోనే స్ప్రే డబ్బాతో రంగు పూయు విద్యను, పనిలేని కుర్రవాండ్ర కాలక్షేపమని త్రోసివేయువారు అమెరికాలోనే కొల్లలుగా నున్నారు. అట్టివారికి నేర్పరి చేతినుండి వెలువడిన ఒక్క మార్కరును ఎండలో త్రిప్పి చూపినచో, నలుపని తోచినది ఊదాయై, ఆ ఊదా అంచున కెంపై మారుట కన్నులార చూచి, మారుమాట లేక ఊరకుందురని నా నమ్మకము.

చరిత్ర రెండు ముక్కలలో ముగియును. చెట్లకును పశువులకును గురుతు పెట్టుటకై నెల్సన్ రంగుల సంస్థ అమ్మిన నెల్‌స్పాట్ 007 అను పనిముట్టును పట్టుకొని, 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి హెన్నికర్ అడవిలో 12 మంది తొలి ఆట ఆడిరి. ఒక్క గుండైనను పేల్చక జెండాలన్నియు సేకరించి రిచీ వైట్ గెలిచెను. స్ప్రే డబ్బా అంతకంటె వయసున పెద్దది: 1949లో ఇల్లినాయ్ రాష్ట్రపు సికమోర్ పట్టణమున ఎడ్వర్డ్ సీమోర్ దానిని చేసెననియు, ఆ ఆలోచన ఆయన ఇల్లాలిదనియు చెప్పుదురు.

టిప్‌మన్ 98 కస్టమ్ వంటి మార్కరులే ఈ కళకు తగిన పీఠములు. వాని దేహము అచ్చులో పోసిన అల్యూమినియము. అందు సిలికాన్ పాలు హెచ్చగుటచే, ఖరీదైన మార్కరులకు విద్యుత్తుతో ఎక్కించు ఆనోడైజింగు రంగు దానిపై పొంకముగా కుదురక, బూడిదవన్నె మచ్చలుగా తేలును. ఆనోడైజింగు పక్షమువారు తమ రంగు అంత సులభముగా పెచ్చులూడదని గర్వింతురు. నిజమే, కాని ఆమ్లపు తొట్టిలో ముంచి తీసిన దానియందు చేతి జాడ ఎక్కడిది? నేను డబ్బా పక్షమువాడను, దాచుకొనను.

పని యంతయు రంగునకు ముందే యున్నది. మొదట గుండ్లను తీసి, వాయువు సిలిండరును విప్పి, లోపల మిగిలిన వాయువును నిరపాయమైన దిక్కున పేల్చివేయవలెను. సిలిండరునకు మాత్రము రంగును గాని వేడిని గాని సోకనీయరాదు. మరలు విప్పగా దేహము రెండు చిప్పలుగా వీడును. స్ప్రింగులను, ఓ-రింగులను వరుస తప్పక పళ్ళెములో నుంచి, బారెల్ బిగించు మరచుట్లలో కాగితపు వత్తిని దూర్చి, చిప్పల లోగోడలను మాస్కింగ్ టేపుతో మూయవలెను. ఏలనన, వెంట్రుకవాసి పూత లోనికి చేరినను, బోల్టు ఒరసుకొని, ఆట నడుమ మార్కరు మొండికేయును. పిమ్మట 400, 600 నంబరు వాటర్ పేపరుతో పాత నిగనిగ పోవువరకు తడిపి రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తుడిచినది మొదలు వట్టి చేయి తగులరాదు. వ్రేలిముద్రలోని నూనె చాలును, అచ్చట రంగు విచ్చుకొని అడుగు బయటపడును. గాలి సోకిన అల్యూమినియముపై కంటికి కానరాని ఆక్సైడు పొర తోడనే కట్టును గనుక, ఆమ్లబలముతో లోహమును కరచిపట్టు ఎచ్చింగ్ ప్రైమరే అస్తరుగా వలయును.

డబ్బాను జానెడునకు కొంచెము మించిన దూరమున పట్టి, మార్కరునకు ఈవలనే మీట నొక్కి, ఆవలికి దాటిన తరువాత విడువవలెను. తొలి పూత అడుగును కప్పివేయరాదు; సగము కనబడవలెను. ట్రిగ్గరు కమ్మి లోపలి వంపు చూడుడు: తొందరపాటువాని చేతిలో రంగు అచ్చటి అంచును వీడి మూలలో గుమికూడి, ఊరగాయ జాడీ వెంబడి నూనె దిగినట్లు దిగజారును. ప్రవీణుడో, ఆ వంపునే మొదట రెండు విసురులతో పలుచగా తడిపి, ఆరనిచ్చి, తరువాత గాని వెడల్పు తలములకు పోడు. అట్టి వంపును తడిమి చూచుటకే నేను ఎంత దూరమైనను పోవుదును!

ఈ వర్ణకారులకు గురువులెవరని అడిగిన, కాలిఫోర్నియా కారు షెడ్ల వైపే నా వ్రేలు చూపును. వాన్ డచ్ అని లోకము పిలిచిన కెన్నెత్ హొవర్డ్, సైన్‌బోర్డుల చిత్రకారుని కొడుకు, టేపు ఆధారమైనను లేక పొడుగు వెంట్రుకల కుంచెతో వంక లేని గీతలు లాగెను. లారీ వాట్సన్ టేపు అంచులతో కారు దేహమును ఖండములుగా పంచి రంగుల నాటకమాడించెను. జో బెయిలన్ వాననీటిపై మెరసిన కారు వెనుక దీపపు ఎరుపును చూచి, ఏండ్ల తరబడి శ్రమించి క్యాండీ ఆపిల్ ఎరుపును సాధించెనని వాడుక. వెండి పొడి కలిసిన అడుగుపై పారదర్శకమైన ఎరుపును పొర మీద పొరగా పరచుటయే అందలి కిటుకు. ఒక్క పొర ఎగుడుదిగుడైనను చారలు పడును. దానిని డబ్బాతో మార్కరు వంటి మూలలు గల వస్తువుపై సాధించువానికి నేను నిలుచుండి నమస్కరింతును. పైన మెరుపునిచ్చు క్లియరు కోటు వేయునప్పుడు, అది గట్టిపరచు ద్రవము కలిపిన రెండు పాళ్ళ రకమైనచో, ఐసోసయనేటుల ఆవిరి ఊపిరితిత్తులకు హాని గనుక, తగిన శ్వాసకవచము లేనివారు దాని జోలికి పోరాదు.

ఇక నేడు జరుగుచున్నదేమి? నీటిపై తేలు అచ్చు ఫిల్ములో మార్కరును ముంచి తీసి, పుర్రెలో ఆకులో అంటుకొనగానే ‘కస్టమ్’ అని బోర్డు కట్టుచున్నారు! ఒకే పుర్రె వేయి మార్కరులపై ఇకిలించుచుండగా అందు ‘కస్టమ్’ ఏ పాటిది? వినైల్ స్టిక్కరు చుట్టి, మూల లేచినప్పుడు జిగురు రాయువారిది ఒక దారి. జిడ్డు తుడువక, గరుకు చేయక, ఒక్క దెబ్బకు డబ్బా యంతయు క్రుమ్మరించి, మొదటి ఆటకే పెచ్చులూడగా ‘డబ్బా రంగు నిలువదు’ అని ప్రచారము చేయువారిది మరింత ద్రోహపు దారి. నిలువనిది రంగు కాదు, వారి ఓర్పు.

పాత మార్కరులను అమ్మజూపువారికి నా విన్నపమొక్కటి. ‘ఎవరిదో పాతరంగు, నలుపైన త్వరగా అమ్ముడుపోవును’ అని రంగు తీయు మందు పూసి, పదిపొరల పనిని గీకి పారవేయుచున్నారు, గీకకుడు. దానిని ఉన్నదున్నట్లు చూపి అమ్ముడు. గీకక తీరదని పట్టుబట్టు కొనుగోలుదారుడున్న, ఆ పాపమేదో అతనినే మూటగట్టుకొననిండు.